బొంత కుట్టు, మనసు బరువు

కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు, అంచులు చినిగిన పంచెలు, రంగు పోయిన లుంగీలు, పిల్లలకు పొట్టయిన గౌన్లు పొరలు పొరలుగా పరిచి, సూదీదారంతో ఒక్కటిగా కలిపిన పడక బట్టను బొంత అంటారు. కడప జిల్లాలోని పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల్లో నిన్నమొన్నటి దాకా బొంత లేని ఇల్లు అరుదు. నులకమంచం మీద పరుచుకునేది అదే. ఎండాకాలం మిద్దెమీద పడుకుంటే వీపు కిందికి వచ్చేదీ, చలికాలం తెల్లవారుజామున కప్పుకునేదీ అదే. బాలింత పక్కన పసిబిడ్డ పడక కూడా చిన్న బొంతే. దూది పరుపు వేరు. దూదేకులవారు విల్లుతో దూది ఏకి, గుడ్డసంచిలో నింపి కుట్టేది పరుపు. దానికి డబ్బు కావాలి, పనివాడు కావాలి. బొంతకు ఇంట్లో పక్కన పడేసిన గుడ్డ, ఒక సూది, ఆడమనిషికి కాస్త తీరిక ఉంటే చాలు.

సంస్కృతంలో దీని పేరు కంథ. బెంగాలీలు కాంథా అనేది ఆ మాటనే. 1820లలో కడపలో ఉద్యోగం చేస్తూ తెలుగు నేర్చుకున్న సి.పి.బ్రౌన్ 1852లో అచ్చయిన తన నిఘంటువులో బొంతకు చోటిచ్చాడు. సామెతల్లో ‘గంతకు తగ్గ బొంత’ ఉంది. పొసగని పార్టీలు కలిసి ప్రభుత్వం కడితే పత్రికలు దాన్ని ‘అతుకుల బొంత’ అంటాయి. ఈ రెండు వాడుకల్లోనూ బొంత మీద చిన్నచూపే ఉంది. పేదింటి వస్తువు కావడంతో దానిలోని పనితనం లెక్కకు రాలేదు, దాన్ని కుట్టిన మనిషి మనసు అసలే లెక్కకు రాలేదు.

బొంత కుడితే బాధ తగ్గుతుందా, తగ్గితే ఎందువల్ల, ఎంతవరకు అన్నవి ఇక్కడి ప్రశ్నలు. తెలుగునాట ఆడవాళ్ళ అనుభవాన్ని, ఇతర దేశాల్లో కుట్టుపని చరిత్రను, గత నలభై ఏళ్ళ మనస్తత్వ పరిశోధనను కలిపి చూస్తే జవాబు మూడు చోట్ల దొరుకుతుంది: గుడ్డలో, కుట్టులో, పక్కన కూర్చున్న మనుషుల్లో. ఈ మూడూ ఒకే పని చేయవు. దుఃఖానికి గుడ్డ, దిగులుకు కుట్టు, ఒంటరితనానికి తోడు ఎక్కువగా పనికొస్తాయి. మూడింటిలో ఏది తగ్గినా ఊరట ఆ మేరకు తగ్గుతుంది.

నోటికి రాని బాధ

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని సామెత. ఇంటి గుట్టు బయటపెడితే ఆ నష్టం తిరిగి ఇంటి మీదికే వస్తుందని దాని భావం. ఈ జాగ్రత్త బరువు ఎక్కువగా మోసింది ఆడవాళ్ళే. భర్త తాగుడు, అత్త మాట, పుట్టింటి నుంచి రాని కబురు, తీరని అప్పు, పుట్టి దక్కని బిడ్డ. వీటిలో ఏదీ నలుగురిలో చెప్పుకోదగిందిగా ఎంచలేదు. చెప్పుకోని బాధ కొన్నాళ్ళకు మనేద అవుతుంది. మనోవ్యాధికి జనం వాడుకలో ఉన్న మాటలు మనేద, మనాది. మనేద పట్టిన మనిషికి కూడు సయించదు, నిద్ర పట్టదు. తలనొప్పి అనో, ఒళ్ళునొప్పులనో, గుండెదడ అనో ఆస్పత్రికి పోతుంది. డాక్టరు ముందు కూడా ఒంటి నొప్పే చెబుతుంది, మనసు సంగతి ఎత్తదు.

ఈ నేలకు బాధలు కొత్త కాదు. 1876–78 నాటి ధాతు కరువు రాయలసీమ జ్ఞాపకంలో ఇప్పటికీ ఉంది. వానను నమ్ముకున్న వేరుశనగ, బోరును నమ్ముకున్న చీనీతోట, రెండూ అప్పుతో ముడిపడిన సేద్యాలే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల మగ్గాల ఇళ్ళలో నూలు ధర పెరిగితే పొయ్యి మీద ప్రభావం పడుతుంది. ఫ్యాక్షన్ పగలు భర్తలను, కొడుకులను తీసుకుపోయిన ఇళ్ళున్నాయి. ఇంటిపనికి కువైట్ పోయిన తల్లుల కోసం, అమ్మమ్మల దగ్గర ఎదురుచూస్తూ పెరిగిన పిల్లలు జిల్లాలో ఎందరో ఉన్నారు. గండికోట జలాశయంలో నీళ్ళు నింపడానికి 2020లో తాళ్ళప్రొద్దుటూరు వంటి పెద్ద ఊరే ఖాళీ అయింది. ఊరు విడిచిన వాళ్ళకు గోడలు మిగల్లేదు, మూటలు మిగిలాయి.

మాటకు దారి లేనిచోట బాధ పనిలోంచి, పాటలోంచి బయటికొచ్చింది. దంచేటప్పుడు, విసిరేటప్పుడు, నాటు వేసేటప్పుడు ఆడవాళ్ళు పాడుకున్న పాటల్లో సొంత గోడు సీత పేరుతో, ఊర్మిళ పేరుతో వినిపిస్తుంది. తెలుగు ఆడవాళ్ళ రామాయణపు పాటలపై వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన వ్యాసంలో ఈ సంగతినే చూపారు. అరణ్యవాసం కన్నా పురిటి నొప్పులు, అత్తాకోడళ్ళ మాటలు, మగవాడి నిర్లక్ష్యం ఆ పాటలకు ముఖ్యం. జమ్మలమడుగు ప్రాంతపు జానపద గాయకుడు కలిమిశెట్టి మునెయ్య సేకరించిన ‘రాయలసీమ రాగాలు’ వంటి సంకలనాల వల్ల ఈ సీమ పాటలు కొన్నయినా కాగితం మీదికెక్కాయి. బొంతకు ఆ అదృష్టం పట్టలేదు. పాటను రాసుకోవచ్చు, బొంత మాత్రం వాడి వాడి చినిగిపోతుంది. బొంత కుట్టు కూడా ఆ పాటల వంటిదే. చెప్పరానిదాన్ని పక్కదారిన చెప్పుకునే పని.

గుడ్డ

బొంత పని సూదితో మొదలు కాదు, పెట్టె తెరవడంతో మొదలవుతుంది. ఏ చీర ఉంచాలి, ఏది చింపాలి అని తేల్చుకోవడం మొదటి మెట్టు. ఒక్కో గుడ్డకూ ఒక మనిషి ఉంటాడు, ఒక రోజు ఉంటుంది. పెళ్ళిచూపుల నాటి చీర, తండ్రి సంతకు కట్టుకుపోయిన పంచె, చదువుకోసం ఊరు దాటిన కొడుకు బడి చొక్కా. పెట్టెలో ఉన్నంతకాలం అవి జ్ఞాపకాలే. చేతిలోకి వచ్చాక వాటితో ఏం చేయాలో తేల్చుకోక తప్పదు. దుఃఖంలో మనిషికి అన్నిటికన్నా కరువయ్యేది ఈ అధికారమే. చావు అడిగి రాదు, వలస అడిగి రాదు. గుడ్డ విషయంలో మాత్రం మాట కుట్టేమనిషిదే.

పోయినవారి బట్టలను చాకలికివ్వడం, ఏట్లో వదలడం చాలా ఇళ్ళలో ఆచారం. అయినా ఒక చీరో పంచో దాచుకోవడం కూడా ఉంది. పండుముత్తైదువుగా పోయిన అవ్వ చీర పసిబిడ్డ కిందికి వస్తే అది దీవెన. పుట్టిన బిడ్డను మొదట పాత గుడ్డలోనే చుట్టాలన్న అలవాటుకు మెత్తదనం ఒక కారణం, పెద్దల స్పర్శ మరో కారణం. బిహార్‌లో సుజనీ అనే బొంత కుట్టే ఆడవాళ్ళకు చితిరియా మా అనే పీలికల తల్లి ఉంది. చిరుగుల్లో దేవతను చూసిన ఆ నమ్మకానికి, పాత గుడ్డే పసిబిడ్డకు కాపు అనే మన అలవాటుకు పోలిక స్పష్టం.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే ఊరు నల్లజాతి ఆడవాళ్ళు కుట్టిన బొంతలకు పేరుపడింది. పత్తి చేలలో బానిసలుగా బతికినవారి సంతతి వాళ్ళది. అక్కడ మిస్సూరీ పెట్‌వే అనే ఆమె, భర్త పోయాక అతని పని బట్టలన్నీ పోగుచేసి 1942లో ఒక బొంత కుట్టింది. అతన్ని గుర్తు పెట్టుకోవడానికి, ఆ బట్టల కింద పడుకోవడానికి. ఆ పనిలో కూతురు సాయపడింది. మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన ప్యాంటు గుడ్డ, చెమటకు రంగు మారిన చొక్కా గుడ్డ ఆ బొంతలో అలాగే కనిపిస్తాయి. పోయినవారితో బంధాన్ని తెంచుకుంటేనే దుఃఖం తీరుతుందని ఒకప్పటి మనస్తత్వ శాస్త్రం నమ్మింది. డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ 1996లో వెలువరించిన పుస్తకం ఆ నమ్మకాన్ని ప్రశ్నించింది. బంధం తెగదని, రూపు మార్చుకుని కొనసాగుతుందని, అలా కొనసాగడం జబ్బు కాదని అది వాదించింది. భర్త బట్టలతో బొంత కుట్టుకున్న ఆడవాళ్ళు పుస్తకం రాకముందే ఆ సంగతి చేతులతో తేల్చుకున్నారు.

కుట్టు

ఉతికి ఎండబెట్టిన గుడ్డల్లో గట్టిదాన్ని కింద పరుస్తారు. చినిగినవి, పీలికలు మధ్య పొరలవుతాయి. చూడముచ్చటైనది పైన వస్తుంది. మూలల మీద రాళ్ళు పెట్టి, ముడతలు పోయేలా చేత్తో నిమిరి, పెద్దపెద్ద టాకాలు వేసి కదలకుండా చేస్తారు. చిల్లులున్నచోట మాసిక పడుతుంది. తరువాత ఒక అంచు నుంచి మరో అంచుకు, సేద్యగాడు చాలు తోలినట్టు, కుట్టు సాగుతుంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బొంతకు అంగుళం ఎడంతో వేస్తే 48 చాళ్ళు పడతాయి. అంగుళానికి రెండు కుట్లు చొప్పున లెక్కవేస్తే దాదాపు 7 వేల కుట్లు. సూది పొరల్లో దిగాలి, కింది నుంచి వేలు దాన్ని తాకి పైకి పంపాలి, దారం లాగాలి, మళ్ళీ దించాలి. రోజుకు కొంచెంగా, వంటకూ పనికీ మధ్య, కొన్ని వారాలు పట్టే పని.

ఈ తిరిగి తిరిగి వచ్చే కదలికే దిగులుకు మందు. దిగులుపడే మనసు ఒకే ఆలోచనను మళ్ళీ మళ్ళీ నమలుతుంది. ఆ నెమరువేతే దిగులును పెంచి, ఎక్కువకాలం నిలుపుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త సుసాన్ నోలెన్-హోక్సెమా 1991 నుంచి వరుస పరిశోధనల్లో చూపింది. కుట్టుపని ఆ నెమరుకు అడ్డం పడుతుంది. సూది గుచ్చుకోకుండా చూసుకోవడానికి మనసులో కొంత భాగం చేతి దగ్గర ఉండక తప్పదు. అలాగని మొత్తం మనసును పట్టి ఉంచేంత కష్టమైన పనీ కాదు. మిగిలిన భాగం బాధ దగ్గరికి పోయి, చూసి, తిరిగి రాగలదు. పూర్తిగా పనిలో మునిగి కాలం తెలియకపోవడాన్ని మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ ప్రవాహ స్థితి అన్నాడు. బొంత కుట్టులో ఆ మునక కొంచెమే. మనసుకు ఆ కొంచెమే మేలు.

చేతిపని శరీరం మీద చూపే ప్రభావానికీ కొన్ని కొలతలున్నాయి. గిరిజా కైమల్ బృందం 2016లో అచ్చయిన పరిశోధనలో 39 మంది పెద్దవాళ్ళ చేత 45 నిమిషాలపాటు మట్టి, రంగులు, కాగితం ముక్కలతో నచ్చినట్టు పని చేయించి, ముందూ తరువాతా లాలాజలంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ను కొలిచింది. దాదాపు 75 శాతం మందిలో అది తగ్గింది. పనిలో నేర్పు ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ తేడా కనిపించలేదు. 2013లో అచ్చయిన ఒక సర్వేలో 3,545 మంది ఊలు అల్లేవాళ్ళు జవాబులిచ్చారు. ఎంత తరచుగా అల్లితే అంత నెమ్మదిగా, సంతోషంగా ఉన్నట్టు వాళ్ళు చెప్పారు. ఈ రెండూ బొంత మీద చేసినవి కావు. మొదటిది చిన్న పరిశోధన, పోల్చి చూడటానికి పని చేయని మరో గుంపు అందులో లేదు. రెండోది అల్లిక మీద ఇష్టం ఉన్నవాళ్ళు తమ గురించి తాము చెప్పుకున్నది. అవి దారి చూపుతాయి, తీర్పు చెప్పవు.

కుట్టులో మరో సంగతి ఉంది. బాధకు కొలత లేదు, ఎప్పుడు తీరుతుందో తెలియదు. బొంతకు కొలత ఉంది. నిన్న పది చాళ్ళు, నేడు పన్నెండు. చేతిలో కనిపించే ఈ పెరుగుదల ఏ పనీ ముందుకు పోనట్టు అనిపించే రోజుల్లో ఒక ఆనవాలు. చివరి చాలు పడ్డాక బొంత ఎవరికో ఒకరికి పనికొస్తుంది. మనవడి ఉయ్యాలకో, పురిటికి వచ్చిన కూతురి మంచానికో పోతుంది. తన బాధలోంచి వచ్చిన వస్తువు ఇంకొకరికి వెచ్చదనం ఇస్తోందని చూడటం, తానెందుకూ పనికిరానన్న భావానికి గట్టి జవాబు.

తోడు

పొలం పనులు లేని ఎండాకాలం మధ్యాహ్నం, అరుగు మీదో వేపచెట్టు నీడనో బొంత పరిస్తే ఒక్కరే కుట్టడం కష్టం. ఇరుగుపొరుగు చేతులు కలుపుతారు. నాలుగువైపులా నలుగురు కూర్చుంటే అందరి చూపూ గుడ్డ మీదే ఉంటుంది. ఒకరి కళ్ళలోకి ఒకరు చూడనక్కర్లేదు. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని మాట, తల వంచుకుని కుడుతూ చెప్పడం తేలిక. విన్నవాళ్ళు వెంటనే బదులివ్వాలన్న నిబంధన లేదు. దారం లాగేంతసేపు మౌనం ఉన్నా ఎవరికీ ఇబ్బంది కాదు. కళ్ళు చెమరిస్తే సూది మీదికి వంగితే సరిపోతుంది. సలహా ఇచ్చే పెద్దామె, పోలిక చెప్పే తోటికోడలు, ఏమీ అనకుండా సూదిలో దారం ఎక్కించి ఇచ్చే పడుచుపిల్ల, ముగ్గురూ ఓదార్పులో భాగమే.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఎమిలీ బర్ట్, జాక్వెలిన్ అట్కిన్సన్ 29 మంది బొంత కుట్టేవాళ్ళతో మాట్లాడి 2012లో ఫలితాలు ప్రకటించారు. పని పూర్తిచేసిన తృప్తి, రంగులు ఇచ్చే హుషారు, పనిలో మునిగి చింతలు మరవడం, గుంపులో దొరికిన స్నేహం, ఇతరులకు కానుకగా ఇవ్వడంలో సంతోషం వాళ్ళ మాటల్లో పదేపదే వచ్చాయి. గ్లాస్గో ఆడవాళ్ళు ఇష్టంతో గుడ్డ కొని కుట్టారు, పులివెందుల ఆడవాళ్ళు అవసరానికి పాత గుడ్డతో కుట్టారు. ఈ తేడా చిన్నది కాదు. అయినా తోడు గురించి చెప్పిన సంగతి రెండు చోట్లా ఒక్కటే.

సిగ్గుతో దాచిన చావులను నలుగురిలోకి తెచ్చిన బొంత ఒకటుంది. అమెరికాలో ఎయిడ్స్‌తో పోయినవారి అంత్యక్రియలకు సైతం అయినవాళ్ళు వెనకాడిన రోజుల్లో, క్లీవ్ జోన్స్ అనే కార్యకర్త 1985లో ఒక పెద్ద స్మారక బొంతను ఊహించాడు. పోయిన ఒక్కొక్కరి పేరుతో మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గుడ్డ. అది ఒక సమాధి కొలత. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచినప్పుడు అందులో 1,920 గుడ్డలున్నాయి. ఇప్పుడవి దాదాపు 50 వేలు. ఒక్కో ఇంట్లో ఒంటరిగా మొదలైన దుఃఖం అంచుకు అంచు కలిపి కుట్టాక ఊరంతటి దుఃఖమైంది. చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన పని లేకపోయింది.

కథ చెప్పే బొంతలు

తెలుగు బొంతలో బొమ్మలు తక్కువ. కొన్నిచోట్ల రంగు పీలికలతో నాలుగు పలకలు, ముక్కోణాలు వేస్తారు, అంచున వేరే రంగు తిప్పుతారు. లంబాడీ ఆడవాళ్ళ కుట్టులో అద్దాలు, గవ్వలు చేరతాయి. పొరుగున కర్ణాటకలో దీన్ని కౌది అంటారు. ఉత్తర కన్నడ అడవుల్లో ఉండే సిద్ది ఆడవాళ్ళు బొంత నాలుగు మూలల్లో గుడ్డ మడతలతో పువ్వు కుట్టి ముగిస్తారు. ఆ పువ్వు లేకపోతే బొంత బోసిపోయినట్టే. వీటిలో బాధ రంగు ఎంపికలో, గుడ్డ ఎంపికలో దాగి ఉంటుంది. కుట్టినామె చెబితే తప్ప పైవారికి తెలియదు.

మరికొన్ని చోట్ల బాధ బొమ్మై బయటపడింది. బెంగాలీ కవి జసీముద్దీన్ 1929లో రాసిన ‘నక్షీ కాంథార్ మాఠ్’ కావ్యంలో, దూరమైన భర్త కోసం ఎదురుచూసే సాజు తన బతుకంతా కాంథా మీద బొమ్మలుగా కుట్టి, తాను పోయాక తన సమాధి మీద కప్పమని కోరుతుంది. బిహార్ ముజఫర్‌పూర్ జిల్లా భూసురా గ్రామంలో 1988లో సుజనీ కుట్టు పనిగా మళ్ళీ మొదలయ్యాక, ఆడవాళ్ళు వరకట్నం, ఆడపిండాల హత్య, తాగుడు, చదువు వంటి తమ బతుకు విషయాలను గుడ్డ మీదికి తెచ్చారు. 2006లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. మాటల్లో చెబితే ఇంట్లో గొడవయ్యే విషయం, గుడ్డ మీద కుడితే కొనేవాళ్ళు మెచ్చుకున్న పనైంది.

చిలీలో 1973 సెప్టెంబరు 11న సైన్యం అధికారం పట్టాక వెయ్యిమందికి పైగా మాయమయ్యారు. వారి తల్లులు, భార్యలు చర్చి నీడన 1974 నుంచి గోనెగుడ్డ మీద పీలికలతో చిన్న బొమ్మలు కుట్టారు. ఖాళీ కుర్చీ, జైలు గోడ, ‘ఎక్కడున్నారు’ అన్న ప్రశ్న ఆ బొమ్మల్లో ఉండేవి. మాయమైనవారి చొక్కా ముక్కలు కూడా కొన్నిటిలో కలిశాయి. అర్పియేరా అనే ఆ కుట్లు దొంగచాటుగా దేశం దాటి, పత్రికలు రాయలేనిది ప్రపంచానికి చెప్పాయి. 1942లో సింగపూర్ చాంగీ జైలులో జపాన్ సైన్యం బంధించిన ఆడవాళ్ళు చదరపు గుడ్డ ముక్క మీద ఒక్కొక్కరూ తమకు నచ్చింది కుట్టి, 66 ముక్కల చొప్పున మూడు బొంతలు చేశారు. వేరే శిబిరంలో ఉన్న భర్తలకు తాము బతికే ఉన్నామని తెలియజేయడం దానిలోని అసలు ఉద్దేశం. చిలీలో కుట్టు సాక్ష్యమైంది, చాంగీలో ఉత్తరమైంది.

కక్కేయడం, కుదురుకోవడం

మనసులో ఉన్నది కక్కేస్తే తేలికవుతుందని అందరూ అంటారు. బొంత కుట్టును కూడా అలాగే చూసి, కోపం అంతా సూదితో గుచ్చి పోగొట్టుకోవడంగా వర్ణించడం ఉంది. ఆ వర్ణన కొంతవరకే నిజం. అంచు దగ్గర పంటితో కొరికి రెండు చేతులా లాగితే నూలు చీర పర్రున చిరుగుతుంది. కోపం మీదున్న చేతికి అది నచ్చే పని. అయితే కోపం వచ్చినప్పుడు దేన్నో కొట్టి తీర్చుకోవడం వల్ల కోపం తగ్గదని బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రకటించిన ప్రయోగం తేల్చింది. తమను విసిగించిన మనిషిని తలచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దినవాళ్ళకు, ఊరికే కూర్చున్నవాళ్ళకన్నా కోపం ఎక్కువైంది.

మరోవైపు జేమ్స్ పెన్నెబేకర్ 1986లో చూపిన ఫలితం ఉంది. బతుకులోని గాయం గురించి నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాసుకున్న విద్యార్థులకు మొదట బాధ పెరిగినా, తరువాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి పోవలసిన అవసరం తగ్గింది. చెదిరిన అనుభవాన్ని ఒక వరుసలో పెట్టడమే అక్కడ మేలు చేసిందని తరువాతి పరిశోధకులు చాలామంది భావించారు. బొంతలో చింపడం గడియ పని, కలపడం వారాల పని. ఊరట ఎక్కువగా ఆ రెండోదానిలోనే ఉంది. చెల్లాచెదురైన ముక్కలను పక్కపక్కన పెట్టి చూసుకుని, ఏది ఎక్కడ పొసగుతుందో తేల్చుకుని, విడిపోకుండా కుట్టడం మనసు చేయవలసిన పనికి చేతులు చూపే నమూనా. అందుకే బొంత కుట్టు వల్ల మనసు ఖాళీ అయిందనే కన్నా కుదుటపడిందనడం సరి.

హద్దులు

బొంత కుట్టు వైద్యం కాదు. ఒంటరిగా, అర్ధరాత్రి, నిద్ర పట్టక కుట్టే కుట్టు ఒక్కోసారి నెమరువేతకే తోడవుతుంది. చేతులు కదులుతున్నా మనసు అదే గుంతలో తిరుగుతుంది. తోడు లేని బొంతకు ఉన్న ప్రమాదం ఇది. కూలికి కుట్టేచోట ఊరట ఇంకా తగ్గుతుంది. పట్టణాల్లో రోడ్డు పక్కన ఎండలో కూర్చుని, ఎవరివో గుడ్డలు తొందరగా కుట్టి ఇవ్వవలసిన ఆడమనిషికి ఎంపిక లేదు, నిదానం లేదు. నడుము నొప్పి, కంటి మసక మాత్రం మిగులుతాయి. ఎప్పుడు, ఎందుకు, ఎవరికోసం కుడుతున్నారన్నది కుట్టు ఫలితాన్ని మారుస్తుంది.

ఇంకో హద్దు అంతకన్నా ముఖ్యం. భర్త కొడుతుంటే భార్య ఓర్పుగా బొంత కుట్టుకోవడం పరిష్కారం కాదు. బాధకు కారణం మారవలసినచోట బాధను భరించడం నేర్పే పని ఆడవాళ్ళకు అన్యాయం చేస్తుంది. చిలీ తల్లులు కుట్టి ఊరుకోలేదు, కుడుతూ అడిగారు. భూసురా ఆడవాళ్ళ కుట్టు కూడా ఊరిముందు ప్రశ్న పెట్టింది.

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. రెండు వారాలకు పైగా నిద్రాహారాలు తప్పినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, చావు ఆలోచనలు వచ్చినా బొంత పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పోవాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఇరవైనాలుగు గంటలూ, డబ్బు కట్టకుండా, తెలుగులో మాట్లాడే సలహాదారులు దొరుకుతారు. కుట్టు వైద్యానికి తోడుగా ఉండాలి, వైద్యానికి అడ్డుగా నిలవకూడదు.

నేటి స్థితి

బొంతకు కావలసిన నూలు చీర ఇళ్ళలో తగ్గింది. పాలిస్టర్ చీర చినగదు, మెత్తబడదు, చెమట పీల్చదు. దానితో కుట్టిన బొంత ఒంటికి సుఖమివ్వదు. దుకాణంలో మింక్ దుప్పటి చవకగా వస్తుంది. మధ్యాహ్నం అరుగు మీద కూర్చునే తీరిక టీవీకి, సెల్‌ఫోనుకు పోయింది. మంచాల మీద నుంచి బొంత తప్పుకోవడంతో పాటు, దాని చుట్టూ కూర్చునే నలుగురూ తప్పుకున్నారు. వస్తువు పోవడం కన్నా ఆ కూడిక పోవడం పెద్ద నష్టం.

తిరిగి తెచ్చుకోవడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఊరూరా పొదుపు సంఘాలున్నాయి. నెలకొకసారి అప్పు లెక్కలకు కూర్చునే చోటే, వారానికొక మధ్యాహ్నం గుడ్డ పరచవచ్చు. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళ దగ్గర, దర్జీల దగ్గర మిగిలే నూలు ముక్కలు ఎన్నో. ఇంట్లో చావు జరిగిన ఆడమనిషికి పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్ళిపోతే మిగిలేది నిశ్శబ్దం. ఆ రోజుల్లో పక్కింటివాళ్ళు పోయినవారి గుడ్డలతో కలిసి కూర్చోవడం పరామర్శ కన్నా ఎక్కువకాలం నిలిచే సాయం. ఆశా కార్యకర్త అలాంటి కూడికకు వస్తే, డాక్టరు అవసరమున్న మనిషిని గుర్తుపట్టగలదు. పరిశోధకులు, జానపద సాహిత్యకారులు పాటలను రాసుకున్నట్టే బొంతలను ఫొటోలు తీసి, ఏ గుడ్డ ఎవరిదో కుట్టినవారి నోట విని రాసుకోవాలి. కుట్టినవారిలో చాలామంది ఇప్పుడు డెబ్భై దాటిన అవ్వలు, జేజిలు.

వాళ్ళకు చేతులు ఇంకా ఆడతాయి, చూపే ఆనదు. సూదిలో దారం ఎక్కించడానికి పక్కన ఒక పిల్ల కావాలి. దారం ఎక్కించి ఇచ్చే పిల్ల అక్కడే కూర్చుంటుంది, ఈ గుడ్డ ఎవరిదని అడుగుతుంది. ఆ ప్రశ్నకు అవ్వ చెప్పే జవాబుతో, ఏళ్ళ తరబడి నోటికి రాని మాట ఒకటి బయటికొస్తుంది.